చేత్తో గీసిన పాతకాలపు పటం: మార్కులు టీ మరకలకా, గీతలకా?

సిరాబుడ్డి
నాలుగు నెలలు కూర్చుని గీసిన పటం గురించి అడుగుతున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి. మా ఊళ్లో ఒక సంస్థ వాళ్లు మధ్యయుగపు పటాల పోటీ పెట్టారు. అంతా చేతిపనే ఉండాలన్నారు. నేను మధ్యధరా సముద్రాన్ని 14వ శతాబ్దపు పోర్టొలాన్ పటం పద్ధతిలో గీశాను. అంటే నావికుల పటం. ముందు పెన్సిల్‌తో ఒక పెద్ద వృత్తం, దాని మీద సమాన దూరంలో 16 చుక్కలు, ఆ చుక్కల్ని కలుపుతూ గీతలు. ఎనిమిది ప్రధాన గాలులకు, అంటే దిక్కులకు, నల్ల గీతలు, వాటి నడిమి ఎనిమిదికి ఆకుపచ్చ, మిగిలిన పదహారుకు ఎరుపు. రేవుల పేర్లు తీరానికి అడ్డంగా, నేల వైపు రాశాను. పెద్ద రేవులు ఎర్ర సిరాతో, చిన్నవి నల్ల సిరాతో.

మొదటి బహుమతి టీ డికాక్షన్‌లో ముంచి, కొవ్వొత్తితో అంచులు కాల్చిన ప్రపంచ పటానికి వచ్చింది. అందులో ఆస్ట్రేలియా కూడా ఉంది. నా దాని మీద జడ్జి రాసిన మాట ఇది: "చాలా శుభ్రంగా ఉంది, పాతకాలపు లుక్ రాలేదు." బహుమతి రాలేదన్న బాధ కన్నా ఆ మాటే గుచ్చుకుంటోంది. ఇలాంటి పటాలకు అసలు మార్కులు ఎలా వేయాలి? మీరైతే ఏం చూస్తారు?

కాగితంపులి
ఆస్ట్రేలియానా! అది ఉన్న పటాన్ని మధ్యయుగం అని ఎలా ఒప్పుకున్నారండీ?

శుభలేఖల_రాజు
నేను కొంచెం వేరుగా చెప్తాను, ఏమనుకోకండి. పన్నెండేళ్లుగా తాళపత్రం లుక్‌లో శుభలేఖలు చేస్తున్నాను. చూసేవాళ్లకు మొదట తగిలేది రంగు. హాల్లో నలభై పటాలుంటే జడ్జి ఒక్కోదాని ముందు నిలబడేది రెండు నిమిషాలు. పదహారు చుక్కలు, ముప్పైరెండు గాలులు ఆయనకు ఎవరు చెప్తారు? టీ మరక వేయడం కూడా పనే. డికాక్షన్ ఎంత చిక్కగా ఉండాలి, ఎప్పుడు తీయాలి, ఎండలో పెట్టాలా ఫ్యాన్ కింద పెట్టాలా, అన్నీ చెయ్యి తిరిగితేనే వస్తాయి. దాన్ని తక్కువ చేయొద్దు.

రేఖాంశం
రాజు గారూ, మీ చేతిపనిని ఎవరూ తక్కువ చేయడం లేదు. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. 1375లో గీసిన పటం 1375లో కొత్తదే కదా! మయోర్కా ద్వీపంలో గీసిన కాటలాన్ అట్లాస్‌నే తీసుకోండి, అబ్రహాం క్రెస్కెస్ పని అంటారు. దాన్ని రాజుకు ఇవ్వడానికి చేశారు. బంగారు రేకు, నీలం, ఎరుపు నిగనిగలాడేలా వేశారు. ఎర్ర సముద్రానికి నిజంగానే ఎర్ర రంగు వేసి, మోషే దాటిన దారికి మధ్యలో సన్నని సందు వదిలారు. అలాంటి పటం గీసినవాడి దగ్గరికి వెళ్లి "పాతగా కనిపించడం లేదు" అంటే అతనికి ఏం అర్థమవుతుంది?

పైగా వాళ్లు గీసింది తోలు మీద. తోలు కాగితంలా అంచు నల్లబడి అందంగా కాలదు. ముడుచుకుపోతుంది, వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది. కాల్చిన అంచు సినిమా అలవాటు, పటాల అలవాటు కాదు.

కాగితంపులి
రేఖాంశం గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

సిరాబుడ్డి
రేఖాంశం గారూ, సరిగ్గా ఇదే నా గొంతులో ఆగిపోయిన మాట. ఆ రోజు హాల్లో చెప్పలేకపోయాను.

గీతల_వెంకట్
పటం ఫోటో పెట్టండి సార్. పెద్ద సైజులో పెడితే గీతలు చెక్ చేస్తాను. నాకు ఈ పిచ్చి ఉంది.

నల్లతుమ్మ
టీ మాట వచ్చింది కాబట్టి సిరా మాట చెప్పాలి. టీలో ముంచిన కాగితం మీద మంచి సిరా నిలబడదు. కాగితానికి పైన ఉండే పూత నీళ్లలో కరిగిపోతుంది, తర్వాత పాళీ పెడితే సిరా వేర్లు దిగినట్టు పాకుతుంది. ముంచక తప్పదంటే ఆరాక పల్చటి గంజి పూసి, మళ్లీ ఆరబెట్టి, నున్నటి రాయితో రుద్దాలి.

యూరప్‌లో ఆ కాలపు నల్ల సిరా ఓక్ చెట్టు మీద పెరిగే కాయల్లాంటి బుడిపెల నుంచి వచ్చేది. వాటిలోని వగరుకు ఇనుప లవణం కలిపితే నలుపు. మనకు ఓక్ బుడిపెలు దేనికి? వగరుకు కరక్కాయ ఉంది, ఇనుప లవణానికి అన్నభేది ఉంది, తుమ్మ బంక ఉంది. శ్రీకాళహస్తిలో కలంకారీ వాళ్లు చేసేది దాదాపు ఇదే. గుడ్డను కరక్కాయ, పాలలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన కసిమితో దాని మీద గీస్తారు. కలం తగిలిన చోట గుడ్డ నల్లబడుతుంది. ఇనుము, వగరు కలవడమే అక్కడా ఇక్కడా.

నేను 60 గ్రాముల కరక్కాయ పెచ్చులు దంచి అర లీటరు నీళ్లలో మూడు రోజులు నానబెట్టి వడకట్టాను. అందులో 20 గ్రాముల అన్నభేది, 15 గ్రాముల తుమ్మ బంక. అన్నభేది ఎక్కువైతే కొన్నేళ్లకు సిరా కాగితాన్నే తినేస్తుంది, జాగ్రత్త. రాసిన మొదటి క్షణంలో ఈ సిరా చూస్తే నిరాశ కలుగుతుంది. కడిగిన మసిగుడ్డ నీళ్లలా బూడిద రంగులో ఉంటుంది. నేను రాత్రి పదకొండింటికి "జెనోవా" అని రాసి, పాడైందనుకుని పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే అక్షరాలు కాకి రెక్కలా నల్లగా ఉన్నాయి. గాలి తగిలి రాత్రంతా నల్లబడ్డాయన్నమాట. ఆ సంతోషం ఏ బాటిల్ సిరాతోనూ రాలేదు నాకు.

శుభలేఖల_రాజు
నల్లతుమ్మ గారూ, గంజి చిట్కా ఇవాళే చేసి చూస్తాను. నా శుభలేఖల్లో సిరా పాకడానికి కారణం ఇన్నాళ్లకు తెలిసింది. ఇన్నేళ్లూ పాళీని తిట్టుకున్నాను.

లెస్టర్_పద్మ
నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. రెండేళ్ల కిందట హెర్ఫర్డ్ కెథడ్రల్‌కి వెళ్లి అక్కడి ప్రపంచ పటం చూశాను. 1300 ప్రాంతంలో ఒకే ఒక్క దూడ తోలు మీద గీసింది, మనిషి ఎత్తుకు కొంచెం తక్కువ. తూర్పు పైన ఉంటుంది, నడిమధ్యలో జెరూసలేం. ఈ చర్చకు పనికొచ్చే సంగతులు రెండు చూశాను.

ఒకటి, యూరప్ మీద ఆఫ్రికా అని, ఆఫ్రికా మీద యూరప్ అని బంగారు అక్షరాలతో రాసి ఉంది! పేర్లు తారుమారయ్యాయి. మన పోటీలో ఇలా రాస్తే మొదటి రౌండులోనే పక్కన పెడతారు. ఏడు వందల ఏళ్లుగా దాన్ని అలాగే దాచుకున్నారు.

రెండోది నాకు ఇంకా ఇష్టం. ఆ పటంలో బాగా అరిగిపోయిన చోటు హెర్ఫర్డ్ ఊరే. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "మనం ఇక్కడున్నాం" అని వేలు పెట్టి పెట్టి ఆ ఊరు దాదాపు చెరిగిపోయింది. దాని ముందు చాలాసేపు నిలబడిపోయాను. మా అమ్మమ్మ ఇంట్లో దేవుడి పటానికి పాదాల దగ్గర రంగు పోయి ఉండేది, అది గుర్తొచ్చింది.

రేఖాంశం
పద్మగారూ, ఎంత మంచి సంగతి చెప్పారు! పాతదనం పటమంతా సమానంగా పరుచుకుని ఉండదు. మడత దగ్గర, వేలు పెట్టిన చోట, చుట్టి పెట్టిన అంచు దగ్గర ఉంటుంది. టీ మరక అన్ని చోట్లా ఒకేలా ఉంటుంది, అందుకే అది అబద్ధమని కన్ను పట్టేస్తుంది.

శుభలేఖల_రాజు
సరే, అంటే అరుగుదల చూపించొచ్చు, ఎక్కడ చూపించాలో తెలిసి చూపించాలి. ఈ మాట ఒప్పుకుంటాను. మరక వద్దంటే మాత్రం ఒప్పుకోను.

అడవిదారి
పాతబడేలా చేయడం మీద ఒక హెచ్చరిక. యేల్ యూనివర్సిటీలో విన్‌లాండ్ పటం అని ఒకటుంది. కొలంబస్ కన్నా ముందే అమెరికా తీరం గీశారని దశాబ్దాల పాటు గొడవ. తోలు నిజంగానే 15వ శతాబ్దానిది. సిరాలో మాత్రం టైటానియం రంగు దొరికింది, 1920ల తర్వాతే వాడుకలోకి వచ్చిన రకం. 2021లో యేల్ వాళ్లే అది నకిలీ అని తేల్చి చెప్పారు. మనం గీసేవి నకిలీలు కావు, నిజమే. అయినా నేను ప్రతి పటం వెనక నా పేరు, సంవత్సరం, వాడిన సిరా రాస్తాను. రేపు ఎవరి చేతిలో పడుతుందో తెలియదు కదా.

కాగితంపులి
వెనక పేరు రాయడం చాలా మంచి అలవాటు. మనమంతా పాటించాలి.

సిరాబుడ్డి
ఫోటో పెట్టాను, పైన చూడండి. వెలుతురు తక్కువగా ఉంది, క్షమించండి.

గీతల_వెంకట్
చూశాను. చెయ్యి భలే స్థిరం మీది! ఒక్క తప్పు ఉంది. వృత్తానికి కుడి పైభాగంలో, ఉత్తరం పక్క చుక్క నుంచి తూర్పు చుక్కకు వెళ్లే గీత ఆకుపచ్చగా ఉంది. అది ఎర్రగా ఉండాలి.

ఎలా పట్టానో చెప్తాను, గీసేవాళ్లందరికీ పనికొస్తుంది. ఉత్తరం చుక్కకు సున్న వేసి, గుండ్రంగా 15 దాకా పెన్సిల్‌తో నంబర్లు వేయండి. ఏ రెండు చుక్కల్ని కలుపుతున్నారో ఆ రెండు నంబర్లూ కూడండి. మొత్తం బేసి సంఖ్య అయితే గీత ఎరుపు. సరి సంఖ్య అయి నాలుగుతో భాగం పోతే నలుపు, పోకపోతే ఆకుపచ్చ. మీ గీత ఒకటి నుంచి నాలుగుకు, మొత్తం ఐదు, కాబట్టి ఎరుపు. పదహారు చుక్కల్లో ఏ రెండింటిని కలిపినా ఆ గీత 32 దిక్కుల్లో ఏదో ఒకదాని మీదే పడుతుంది, పక్కకు పోదు. ఈ అందం మొదటిసారి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

సిరాబుడ్డి
నిజమే! నాలుగు నెలల్లో ఎన్నిసార్లు చూశానో, ఎప్పుడూ కంటపడలేదు. జడ్జి ఈ తప్పు చూపించి మార్కులు తీసేసి ఉంటే దండం పెట్టేవాణ్ణి.

డ్రాయింగ్_మాస్టర్
ఆ మాట విన్నాక నేనూ చెప్పాలి. స్కూళ్లలో, కాలేజీల్లో ఇలాంటి పోటీలకు ఇరవై ఏళ్లు జడ్జిగా కూర్చున్నాను. కాల్చిన అంచులకు మార్కులు నేనూ వేశాను. పిల్లలు కష్టపడ్డారని కనిపించేది, అది చాలనుకునేవాణ్ణి. శతాబ్దాల మధ్య తేడా నాకూ తెలియదు అప్పట్లో.

ఇప్పుడు ఏం చూస్తానంటే, ముందుగా ఈ పటం ఎవరి కోసం అని. నావికుడికా, మఠంలో చదువుకునేవాడికా, రాజుకా? నావికుడి పటమైతే తీరం నిండా పేర్లుంటాయి, నేల లోపల ఖాళీగా ఉంటుంది. రాళ్లకు చిన్న అడ్డగుర్తులు, ఇసుక మేటలకు చుక్కలు ఉంటాయి. మఠం పటమైతే దూరాల కన్నా కథ ముఖ్యం. తర్వాత చూసేది, అన్నీ ఒకే కాలానివా అని. పోర్టొలాన్ గీతల కింద అక్షాంశ రేఖాంశాల గడులు వేసి, పైన 16వ శతాబ్దపు సముద్ర జంతువుల్ని పెడితే మూడు కాలాలు ఒకే కాగితం మీద కొట్టుకుంటాయి. అక్షరాలు ఆఖరున చూస్తాను, కానీ మార్కులు తీసేది అక్కడే ఎక్కువ.

ఇంకో మాట. గీసినవాళ్లు పటం పక్కన అర పేజీ నోటు పెట్టాలి. ఏ కాలం, ఏ పటాన్ని చూసి నేర్చుకున్నారు, ఎక్కడ కావాలని దారి తప్పారు. రాజు గారు చెప్పిన ఆ రెండు నిమిషాల్లో జడ్జి ముందు ఆ నోటు చదువుతాడు.

అడవిదారి
మాస్టారూ, కల్పిత దేశాల పటాలు గీసే మాలాంటి వాళ్ల సంగతేంటి? నేను మా అబ్బాయికి చెప్పే కథలోని దీవుల్ని గీస్తాను. సముద్ర జంతువులు లేకపోతే వాడు ఊరుకోడు.

డ్రాయింగ్_మాస్టర్
వేయండి, తప్పకుండా వేయండి. ఒలావుస్ మాగ్నుస్ 1539లో అచ్చేసిన కార్టా మరీనా చూడండి, నార్వే సముద్రం నిండా జంతువులే. ఓడను చుట్టేసిన పాము కూడా ఉంది. కానీ అవి ఖాళీ నింపడానికి వేసిన బొమ్మలు కావు. ఆ నీళ్లలో ఇవి ఉన్నాయని చెప్పుకున్నారు కాబట్టి ఆయన వాటిని ఆ నీళ్లలోనే గీశాడు. మీ దీవుల్లో ఏ జంతువు ఎందుకు అక్కడుందో మీ అబ్బాయి చెప్పగలిగితే పూర్తి మార్కులు.

అడవిదారి
వాడు గంట సేపు చెప్తాడు.

మోటుపల్లి_వాసి
ఇందాక కాటలాన్ అట్లాస్ పేరు వచ్చినప్పుడే రాయాలనుకున్నాను, డ్యూటీలో ఉన్నాను. అందులో ఇండియా భాగం చూశారా ఎవరైనా? బుతిఫిలిస్ అని ఒక ఊరి పేరు ఉంది. మార్కో పోలో రాసిన ముత్ఫిలి నుంచి వచ్చిన పేరు. ముత్ఫిలి అంటే మా మోటుపల్లే. గణపతిదేవుడు 1244లో పరదేశి వర్తకులకు అభయశాసనం వేయించిన రేవు.

కాగితంపులి
నిజమా! మన ఊరి పేరు మయోర్కాలో గీసిన పటంలోనా?

మోటుపల్లి_వాసి
అవును. మార్కో పోలో ఆ దేశాన్ని ఒక రాణి ఏలుతోందని, అక్కడ వజ్రాలు దొరుకుతాయని, సాలెగూడంత సన్నని బట్ట నేస్తారని రాశాడు. రాణి పేరు చెప్పలేదు గానీ కాలాన్ని బట్టి మన రుద్రమదేవే. అట్లాసు దగ్గరికి వచ్చేసరికి రాణి పోయి, స్టీఫెన్ అనే క్రైస్తవ రాజు వచ్చి కూర్చున్నాడు! లోయలోకి మాంసం ముక్కలు విసిరి, వాటికి అతుక్కున్న వజ్రాల్ని పక్షుల చేత పైకి తెప్పించే కథ మార్కో పోలో మన దేశం గురించి చెప్పింది. అట్లాసులో అదే కథ ఎక్కడో ఉత్తరాన కొండల్లోకి వెళ్లిపోయింది.

తప్పే. కానీ ఆ తప్పు వెంట నడిస్తే కబురు ఏ రేవు నుంచి ఏ రేవుకు, ఎవరి నోట వెళ్లిందో తెలుస్తుంది. మా రేవు ఇప్పుడు చిన్న పల్లె. గుడి ఉంది, శాసనం ఉంది. చిన్నప్పుడు ఆ రాతి మీద అక్షరాలు వేలితో తడిమేవాళ్లం, చదవడం రాకపోయినా.

లెస్టర్_పద్మ
ఈ పోస్టు మా వారికి చదివి వినిపించాను. ఈసారి ఊరు వచ్చినప్పుడు మోటుపల్లి వెళ్తున్నాం.

సిరాబుడ్డి
నేనూ వస్తాను, చెప్పండి. మోటుపల్లి అన్నా, ఇది చదివాక నాకు వేరే ఆలోచన వస్తోంది. ఈసారి మధ్యధరా కాదు, మన కోస్తా గీస్తాను, పేర్లు తెలుగులో. అదే గీతలు, అదే రంగులు.

రేఖాంశం
గీయండి. కానీ ఆ కాలపు పటం అని చెప్పకండి. ఆ పద్ధతిలో గీసిన మన తీరం అని నోటులో రాయండి.

నల్లతుమ్మ
తెలుగులో ఒక చిక్కుంది, నేను పడ్డాను కాబట్టి ముందే చెప్తున్నా. పోర్టొలాన్‌లో పేర్లు తీరం వెంట ఒకదాని పక్కన ఒకటి దువ్వెన పళ్లలా వస్తాయి. లాటిన్ అక్షరాలకు అది సులువు. మనకు వత్తులున్నాయి. "మచిలీపట్నం" అని రాస్తే న వత్తు కిందికి దిగి పక్క పేరు గుడినో తలకట్టునో పొడుస్తుంది. "కృష్ణపట్నం" అయితే చెప్పనే అక్కర్లేదు, వరసగా మూడు చోట్ల దిగుతుంది. పేరుకూ పేరుకూ మధ్య ఐదు మిల్లీమీటర్లు వదిలితే తప్ప కుదరలేదు. అంత వదిలితే చిన్న రేవులు సగం పట్టవు.

గీతల_వెంకట్
వత్తు ఉన్న పేరు పక్కన వత్తు లేని పేరు వచ్చేలా చూస్తే? కాకినాడ, భీమిలి, మోటుపల్లి...

మోటుపల్లి_వాసి
మోటుపల్లికి వత్తు ఉందండీ! దాన్ని తీసేస్తే ఊరుకోను.

గీతల_వెంకట్
అయ్యో, అవును! పెద్ద రేవు కాబట్టి ఎర్ర సిరాతో, చుట్టూ ఖాళీ వదిలి రాయిద్దాం.

డ్రాయింగ్_మాస్టర్
అక్షరాల సైజు ముందే నిర్ణయించుకోండి. మెర్కేటర్ పటాలతో పేరు తెచ్చుకున్నాడు కదా, ఆయన 1540లోనే ఇటాలిక్ రాత ఎలా రాయాలో ఒక చిన్న పుస్తకం వేశాడు. పాళీ ఎలా పట్టుకోవాలో బొమ్మ వేసి మరీ చెప్పాడు. ఆయన పేరు నిలబెట్టిన ప్రపంచ పటం 1569 నాటిది. అంటే ముందు అక్షరం, తర్వాతే ఆ పటం. తెలుగు గుండ్రటి అక్షరానికి కోసు పాళీ కన్నా గుండ్రటి మొన ఉన్న పాళీ మేలు.

బొమ్మలాట
ఎవరూ తోలు మాట ఎత్తలేదు. నేను నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ల దగ్గర గీకి ఆరబెట్టిన మేకతోలు తెచ్చుకుని పటం గీశాను. బొమ్మకు వెలుగు ఇటు నుంచి అటు కనబడాలి కాబట్టి తోలు అద్దంలా పల్చగా గీకుతారు. పటానికి అంత పల్చన వద్దని అడిగి తీసుకోవాలి. ముందు సుద్దపొడితో బాగా రుద్ది, గుడ్డతో తుడిచేయాలి. లేకపోతే కొవ్వు మీద సిరా ముత్యాల్లా దొర్లిపోతుంది.

నాకు జరిగింది వినండి. మే నెలలో విజయవాడలో వృత్తం గీశాను, 24 సెంటీమీటర్ల వ్యాసం, డివైడర్‌తో రెండుసార్లు కొలిచాను. జులైలో వానలు పడ్డాక మిగతా గీతలు వేద్దామని తీస్తే ఒక్క గీతా చుక్కలో కలవదు! కొలిస్తే వృత్తం ఒక వైపు రెండు మిల్లీమీటర్లు సాగింది. మెడ నుంచి తోక వైపు తక్కువ, అడ్డంగా ఎక్కువ. తడి గాలికి తోలు ఉబ్బుతుంది. ఒకే వారంలో, ఒకే వాతావరణంలో గీతల పని మొత్తం ముగించేయాలి. రంగులు తర్వాత నిదానంగా వేసుకోవచ్చు.

సిరాబుడ్డి
బొమ్మలాట గారూ, తోలు ఎంత పడింది? మెడ భాగం ఉంచి ఇస్తారా? పాత పటాల్లో ఒక వైపు మెడ సన్నగా పొడుచుకొచ్చి ఉంటుంది కదా, నాకు అలాగే కావాలి.

బొమ్మలాట
మెడతో సహా ఇస్తారు, ముందే చెప్పాలి. ధర తోలు సైజును బట్టి ఉంటుంది, మీకు మెసేజ్ పెడతాను. బేరం మాత్రం ఆడకండి, వాళ్ల పని చూస్తే మీకే ఆడబుద్ధి కాదు.

శుభలేఖల_రాజు
సిరాబుడ్డి గారూ, మీరు తోలు మీద గీస్తే చుట్టి పెట్టే అంచు దగ్గర అరుగుదల నేను వేసిపెడతాను. టీ లేకుండా. ఒట్టు.

సిరాబుడ్డి
వద్దు రాజు గారూ. దాన్ని రోజూ విప్పి చూస్తాను, దానంతట అదే అరుగుతుంది.

ఒక సంగతి చెప్పడం మర్చిపోయాను. పోటీ నుంచి వచ్చాక పాత పటాన్ని భోజనాల బల్ల మీద పరిచి ఉంచాను. మా మేనకోడలు, మూడో తరగతి, పేర్లు చదువుతూ బల్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. స్పెయిన్ దగ్గర మొదలై, ఇటలీ, గ్రీస్, ఆఫ్రికా తీరం మీదుగా మళ్లీ మొదటికి వచ్చింది. "మామయ్యా, దీనికి పైనా కిందా లేదు కదా" అంది. నేనేమీ చెప్పలేదు దానికి. పోర్టొలాన్ పటాన్ని చదవాల్సింది సరిగ్గా అలాగే.

డ్రాయింగ్_మాస్టర్
ఆ అమ్మాయిని జడ్జిగా పిలవాలి.

రేఖాంశం
మన తీరం పటానికి రేవుల పేర్లు అందరం తలా కొన్ని రాద్దాం. నేను భీమిలి నుంచి మొదలుపెడతాను, ఎవరైనా దక్షిణాన దుగరాజపట్నం వైపు నుంచి రండి.

మోటుపల్లి_వాసి
మధ్యలో నేనున్నాను. ఆదివారంలోగా ఇస్తాను.

గీతల_వెంకట్
చుక్కల నంబర్ల కాగితం తయారుచేసి పెడతా. ఈసారి ఒకటి నుంచి నాలుగుకు ఎరుపే.

సిరాబుడ్డి
శనివారం నిమ్మలకుంట బయల్దేరుతున్నాను. కరక్కాయలు ఇవాళే నానబెట్టాను.